రోగము లేని యింటి సాక్ష్యము



ఇంటిలో నొకరికి జబ్బు చేసినప్పుడు మన నోట వచ్చు మొదటి ప్రశ్న "ఏమి తింటివి?" అనునది. రెండవది "ఎక్కడికి పోతివి?" అనునది. జబ్బుపడినది పసిబిడ్డ యైనచో ఈ ప్రశ్నలు రెండును తల్లిమీదికి మరలును. ఏమి పెట్టితివి? ఎక్కడికి తీసికొనిపోతివి? కడుపుతో నున్నప్పు డేమి చేసితివి? ఇరుగుపొరుగువారు వచ్చి కూర్చుండి తలకొక కారణము చెప్పి పోవుదురు. వారు చెప్పిన కారణములలో నొకటి ఆ తల్లి గుండెలో ములుకువలె నాటుకొని యుండిపోవును.

2003వ సంవత్సరపు వానకాలమున ఆనాటి ఆంధ్రప్రదేశమునందు పిల్లలకు మెదడువాపు జ్వరము సోకెను. కరీంనగరము, వరంగల్లు జిల్లాలు మిక్కిలి దెబ్బతినిన వానిలోనివి. నేటి జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలలో చాల భాగము ఆనాడు వరంగల్లు జిల్లాలోనిదే. 2016 అక్టోబరులో అవి వేఱు జిల్లాలైనవి. ఆడుకొనుచుండిన బిడ్డకు ఉన్నట్లుండి జ్వరము, వాంతులు, ఫిట్లు వచ్చి, తెలివి తప్పి, ఒకటి రెండు దినములలోనే ప్రాణము పోవుచుండెను. పరిశోధకులు లెక్కలోనికి తీసికొనిన 329 మంది పిల్లలలో 183 మంది మరణించిరి. ఆ తల్లులలో "నే నేమి తప్పు చేసితిని?" అని తన్ను తాను ప్రశ్నించుకొనని తల్లి యుండునా?

ఆ ప్రశ్నకు శాస్త్రము జవాబు వెదకు పద్ధతి యొకటి గలదు. అది పెద్ద యంత్రములతో గాని మందుసీసాలతో గాని మొదలుకాదు. ఒక ప్రశ్నతో మొదలగును. కాని ఆ ప్రశ్నను రోగమున్న యింట మాత్రమే గాక రోగము లేని యింటను అడుగవలెను. ఈ రెండవ సగమునే మనము మఱచుచున్నాము. ఈ మాసము మేము ఆ సంగతినే మీతో ముచ్చటింపదలచినాము.

పెండ్లివిందు ఉదాహరణముగా తీసికొందము. భోజనములైన రాత్రి ఇరువదిమందికి వాంతులు పట్టుకొన్నవనుకొనుడు. వారి నడుగగా ఇరువదిమందియు పులిహోర తినినట్లు తేలినది. వెంటనే "పులిహోరయే చెడినది" అని వంటవానిపై కేకలు వేయుదుము. కాని నిబ్బరముగల ఇల్లాలు అట్లు చేయక, వాంతులు లేని ఇరువదిమందిని పిలిచి వారేమి తినిరో విచారించును. వారును పులిహోర తినినవారే! మఱి కోవా మాటయో? వాంతులైన ఇరువదిమందిలో పదునెనిమిదిమంది తినిరి; వాంతులు లేనివారిలో ముగ్గురే తినిరి. ఇప్పుడు చూపు పులిహోర నుండి కోవాపైకి మరలును. రోగులను మాత్రమే యడిగియుండినచో పులిహోరకు అపవాదును, కోవాకు విడుదలయు లభించియుండును.

మన కథలోని ఈ ఇల్లాలు చేసిన పనిని వైద్యులు కేస్ కంట్రోల్ స్టడీ యందురు. కేసు లనగా రోగము గలవారు. కంట్రోలు లనగా పోలికకై తీసికొనిన, ఆ రోగము లేనివారు. ఉభయులను "ఇంతకుముందు నీవేమి చేసితివి, ఏమి తింటివి, ఎక్కడ నుంటివి?" అని వెనుకటి సంగతు లడిగి, జవాబులను ప్రక్కప్రక్కన నుంచి చూచుటయే ఇందలి సారము. రోగినుండి వెనుకకు నడచి కారణమును వెదకు త్రోవ యిది.

2023 వేసవిలో మేము జనగామ ప్రాంతపు పల్లె యొకదానికి పోయియుంటిమి. అచ్చట నెల దాటిన మగబిడ్డ యొకడు పైపెదవి చీలి పుట్టినాడు. దీనిని మనవారు గ్రహణమొఱ్ఱి యందురు. పేరులోనే నిందయున్నది గదా! అత్తగారు మాతో ననిన మాట యిది: "గ్రహణం నాడు లోపల పండుకోమంటే వినలే. కొడవలి వట్టి గడ్డి కోసింది. గందుకే పోరడు గిట్ల పుట్టిండు." కోడలు తల వంచుకొని బిడ్డను పైటలో దాచుకొనెను గాని పలుకలేదు. ఆమె చెప్పిన గ్రహణము 2022 అక్టోబరు 25న, దీపావళి మఱునాడు, సాయంకాలమున పట్టిన పాక్షిక సూర్యగ్రహణము.

ప్రక్కయింటి పడుచు ఆ సమయముననే తన బిడ్డను చంకనెత్తుకొని వచ్చి నిలుచుండెను. ఆ బిడ్డయు ఇంచుమించు అదే యీడువాడు. "ఆ గ్రహణంనాడు నువ్వేం జేసినవమ్మా?" అని మేమడిగితిమి. "నేనా? పత్తి ఏరవోయిన. చీకటి పడ్డంక వచ్చిన" అని ఆమె నవ్వెను. ఆమె బిడ్డ పెదవి చక్కగా నున్నది. అత్తగారు ఆమెవైపు ఒకసారి చూచి, మఱల మావైపు చూచి, మాట మార్చిరి. ఆ ప్రశ్నను అంతవరకు ఆమె నెవ్వరును అడుగలేదు. ఎందుకడుగుదురు? ఆమె బిడ్డకు మొఱ్ఱి లేదు గదా!

ఒక్క పొరుగింటి మాటతో శాస్త్రము తేలదు. కావున మఱియొక లెక్క ఊహించుకొందము. ఇది బోధకొఱకు మేము కల్పించిన లెక్కయే. పెదవి చీలిన బిడ్డల తల్లులు నూఱుమందిని అడిగితిమనుకొనుడు. వారిలో అరువదిమంది గ్రహణమునాడు బయట తిరిగినట్లు చెప్పిరి. "చూచితిరా, అరువదిమంది!" అని లోక మనును. ఇప్పుడు చక్కని పెదవులుగల బిడ్డల తల్లులు నూఱుమందిని అడుగుడు. పత్తిచేలును, వంటపనియు, నీళ్లబిందెయు వారికిని ఉన్నవే. వారిలోను అరువదిమంది తిరిగినారని తేలినచో గ్రహణముపైని నేరము నిలువదు. అరువది యను అంకె తనంత తానేమియు చెప్పదు. దాని ప్రక్కన నిలుచు రెండవ అంకెయే దానికి నోరిచ్చును.

ఈ విషయమున మఱియొక గట్టి సాక్ష్యము గలదు. గర్భములో బిడ్డ పెదవి నాలుగవ వారము మొదలు ఏడవ వారము లోపల ఏర్పడును. అంగిలి ఆఱవ వారము మొదలు తొమ్మిదవ వారము లోపల కూడుకొనును. మేము చూచిన కోడలికి ఆ గ్రహణమునాటికి నాలుగవ నెల జరుగుచుండెను. అనగా చీలిక యేర్పడిన పిదప కొన్ని వారములకు వచ్చిన గ్రహణముపై ఆ చీలికను మోపుచున్నారు! తలుపు విఱిగిన తరువాత ఊరిలోనికి వచ్చినవానిని దొంగ యనినట్లున్నది గదా.

మఱి అసలు కారణము లేమి? వంశమునుండి వచ్చు గుణము కొంత; గర్భిణి పొగత్రాగుట, గర్భమునకు ముందునుండియే యున్న మధుమేహము, మూర్ఛరోగమునకు వాడు కొన్ని మందులు కొంత యని రోగులను నిరోగులను పోల్చిన విచారణలవలన తెలిసినది. పెక్కుమంది విషయమున ఇదియని యొక్క కారణమును చూపుట సాధ్యము కాదు. (మూర్ఛరోగముగల సోదరీమణులు దీనిని చదివి మందు తమంత తాము మానరాదు, గర్భము ధరింపదలచినప్పుడే వైద్యుని సంప్రతించి మందు మార్పించుకొనవలెను.) చీలిన పెదవిని మొదటి యేడాదిలోనే శస్త్రచికిత్సతో సరిచేయుదురు. కావున నిందతో గడపు దినములను వైద్యునివద్దకు పోవుటలో గడుపుట మేలు.

ఈ పద్ధతిని నేటి రూపమునకు తెచ్చినవారిలో మొదటివారు ఒక స్త్రీ యని తెలిసికొనుట మనకు సంతోషకరము. జానెట్ లేన్ క్లేపన్ అను ఇంగ్లీషు వైద్యురాలు 1926లో రొమ్ముపుండును గూర్చి యొక నివేదికను ప్రకటించెను. ఆ వ్యాధిగల స్త్రీలు సుమారు ఐదువందలమందిని, ఆ వ్యాధి లేని స్త్రీలు సుమారు ఐదువందలమందిని తీసికొని, ఒకే ప్రశ్నలను ఉభయులకును వేయించెను. ఏ యీడున వివాహమైనది? ఎందఱు బిడ్డలు? చనుబాలు ఇచ్చితివా? వ్యాధిగలవారిలో ఆలస్యముగా వివాహమైనవారును, తక్కువమంది బిడ్డలను కనినవారును ఎక్కువగా నున్నట్లు తేలెను. ఆ తరువాతి పరిశోధనలు ఈ సంగతులను చాలవఱకు బలపఱచినవి. 1929లో వివాహమైన పిమ్మట ఆమె పరిశోధనారంగమునుండి తప్పుకొనెను. పెండ్లియైన స్త్రీకి ఉద్యోగము తగదనుకొను కాలమది.

1950లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అను ఇరువురు లండను ఆస్పత్రులలో చేసిన విచారణ మఱింత ప్రసిద్ధమైనది. ఊపిరితిత్తుల పుండుగల 709 మందిని, ఆ వ్యాధి లేక వేఱు జబ్బులతో ఆస్పత్రిలో నున్న 709 మందిని వారు ప్రశ్నించిరి. వారిలోని పురుషుల సంగతి చూడుడు. పుండుగల 649 మంది పురుషులలో పొగత్రాగనివారు ఇద్దఱే. ఇది వినినంతనే పొగయే దోషి యని తోచును. కాని నిదానింపవలెను. ఆనాటి ఇంగ్లండులో పొగత్రాగని పురుషుడే యరుదు. పోలికకై తీసికొనిన 649 మందిలోను 622 మంది పొగత్రాగువారే! రోగుల వైపే చూచువానికి ఇది పులిహోర కథవలెనే యుండును. అయినను పొగత్రాగనివారిని లెక్కింపుడు: రోగులలో ఇద్దఱు, రోగము లేనివారిలో ఇరువది యేడుగురు. అసలు రహస్య మిచ్చట దాగియుండెను.

దీనిని కొలుచు విధానము ఇంటిలెక్కలు వ్రాసికొను ఎవరికైనను అర్థమగును. రోగులలో పొగత్రాగని యొక్కనికి త్రాగువా రెందఱు? 647ను 2తో భాగింపగా సుమారు 323. రోగము లేనివారిలో? 622ను 27తో భాగింపగా 23. మొదటి దానిని రెండవ దానితో భాగింపగా సుమారు 14 వచ్చును. ఈ నిష్పత్తి ఒకటియైనచో ఆ యలవాటునకును రోగమునకును సంబంధము కనుపింపలేదన్నమాట. ఒకటికంటె ఎంత హెచ్చినచో అంత అనుమానము. తగ్గినచో ఆ యలవాటే కాపాడుచున్నదేమో యని ఆలోచింపవలెను. పదునాలుగన్నది చిన్న అనుమానము కాదు. అయినను ఆ పండితులు అంతటితో తృప్తిపడక, 1951 మొదలు సుమారు నలుబదివేలమంది బ్రిటిషు వైద్యుల అలవాట్లను వ్రాసికొని యేండ్లతరబడి కనిపెట్టి చూచిరి. పొగత్రాగువారే ఆ వ్యాధితో హెచ్చుగా మరణించిరి. వెనుకకు నడచి కనుగొనిన సంగతిని ముందునకు నడచి నిర్ధారణ చేసికొనిరన్నమాట.

ఇక మన హృదయములకు దగ్గఱ సంగతి యొకటి. అమెరికాలోని బోస్టను నగరమున పడుచుపిల్లలకు, ముసలితనమున గాని రాదనుకొనిన యోనిసంబంధమైన పుండు రాసాగెను. వైద్యులకు కారణము తోచలేదు. అప్పుడు అట్టి బిడ్డ యొకతె తల్లి, "ఈ పిల్ల కడుపులో నుండగా గర్భము నిలుచుటకై నాకొక మందు ఇచ్చిరి. దానివలన వచ్చినదా?" అని వైద్యుని అడిగెను. వైద్యుడు ఆ మాటను తేలికగా కొట్టివేయలేదు. ఆర్థర్ హెర్బ్‌స్టును, ఆయన సహచరులును ఎనమండుగురు రోగులను తీసికొని, ఒక్కొక్కరికి నలుగురు చొప్పున, అదే ఆస్పత్రిలో ఐదు దినముల తేడాలో పుట్టిన ఆరోగ్యవతులను ముప్పదియిద్దఱిని పోలికకు తీసికొనిరి. రోగుల తల్లులు ఎనమండుగురిలో ఏడుగురు గర్భిణులుగా నున్నప్పుడు డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్ అను మందు తీసికొనియుండిరి. ఆరోగ్యవతుల తల్లులు ముప్పదియిద్దఱిలో ఒక్కరును తీసికొనలేదు. ఇది 1971 ఏప్రిలులో ప్రకటితమైనది. ఆ యేటి నవంబరులోనే ఆ మందును గర్భిణుల కీయరాదని అమెరికా ప్రభుత్వపు మందుల శాఖ హెచ్చరించెను. అది గర్భస్రావమును ఆపలేదని 1953లోనే చికాగోలో పరీక్షించి చెప్పియుండిరి. అయినను వాడుక మానలేదు. నలుబదిమంది తల్లుల జవాబులు దానిని మాన్పించుటకు త్రోవ చూపినవి. ఆ నలుబదిలో ముప్పదియిద్దఱు, "మా పిల్లలకు జబ్బే లేదే, మమ్మెందుకు అడుగుదురు?" అనగలిగిన తల్లులే!

ఇంత శ్రమపడి వెనుకకు నడచుటకంటె, గర్భిణుల నందఱిని ముందే కనిపెట్టి చూడరాదా యని మీరడుగవచ్చును. అదియు చేయుదురు. కాని అరుదైన జబ్బునకు ఆ త్రోవ మిక్కిలి పొడుగు. పెదవియో అంగిలియో చీలిన బిడ్డలు వేయి కాన్పులకు ఒక్కరికి కొంచెము మించి యుందురని ఆంధ్రప్రదేశమున లెక్క తీసిన వైద్యులు 2010లో వ్రాసిరి. పదివేలమంది గర్భిణులను కనిపెట్టినను పదిమందికి మించి అట్టి బిడ్డలు దొరకుట కష్టము. ఇదివఱకే పుట్టిన బిడ్డలనుండి మొదలుపెట్టినచో కొన్ని నెలలలో, కొద్ది ఖర్చుతో పని జరుగును. ఊరిలో జబ్బు పాకుచు ప్రాణములు పోవుచున్నప్పుడు ఏండ్ల కొలది వేచియుండుటకు వీలెక్కడిది?

అయితే చవుకగా దొరకు సరకులో తాలు ఉండును. ఈ పద్ధతికిని లోపములు గలవు. వానిని తెలియుట మఱింత యవసరము.

మొదటిది జ్ఞాపకముయొక్క మోసము. జబ్బుబిడ్డను కనిన తల్లి రాత్రింబవళ్లు తొమ్మిది నెలలను తలచుకొనుచుండును. ఏ దినమున బొప్పాయి ముక్క తినెనో, ఏ దినమున జారిపడెనో ఆమె మఱవదు. మఱవ నిచ్చువారు లేరు. ఆరోగ్యముగా నున్న బిడ్డ తల్లికి ఆ సంగతులు గుర్తుండవు. ఇరువురును తినినను ఒకతెయే "తింటి"నని చెప్పును. లేని సంబంధ మప్పుడు ఉన్నట్లు కనుపట్టును. దీనికి మందు కాగితము. ఆశా కార్యకర్త యిచ్చిన తల్లీబిడ్డల కార్డును, వైద్యుడు వ్రాసిన మందుచీటీలను కాన్పు కాగానే పాఱవేయక దాచుడు. జ్ఞాపకము మారును గాని సిరాతో వ్రాసినది మారదు.

రెండవది పోలిక తప్పుట. మన మూడు జిల్లాలనుండియు పెద్దజబ్బు చేసినవారు వరంగల్లులోని మహాత్మాగాంధి ఆస్పత్రికి పోవుట చిరకాలపు వాడుక. భూపాలపల్లి అడవిపల్లెల రోగులను ఆస్పత్రిలో ప్రశ్నించి, పోలికకు వరంగల్లు పట్టణవాసులను తీసికొనినచో ఏమగును? నీరు వేఱు, తిండి వేఱు, పని వేఱు. రోగులందఱును బోరునీరు త్రాగువారే, పట్టణమువారందఱును కుళాయినీరు త్రాగువారే యని తేలి, నిరపరాధియైన బోరు దోషి కావచ్చును. కావున అదే యూరివాడు, అదే యీడువాడు, స్త్రీకి స్త్రీ, పురుషునికి పురుషుడు తోడుగా నిలువవలెను. బోస్టను వైద్యులు ఐదు దినముల తేడాలో పుట్టిన పిల్లలను వెదకి పట్టుకొనుటలోని మర్మమిదే.

మూడవది తోడుగా నడచు అమాయకుడు. చుట్ట త్రాగువాని జేబులో అగ్గిపెట్టె యుండును. ఊపిరితిత్తుల పుండుగలవారి జేబులు వెదకినచో అగ్గిపెట్టెలు ఎక్కువగా దొరకును. అంతమాత్రమున అగ్గిపెట్టె రోగము తెచ్చెనందుమా? అట్లే భూపాలపల్లిలో దగ్గుజబ్బునకు కట్టెపొయ్యి కారణమా యని విచారింప బూనినవారు, ఆ యింటివారు బొగ్గుగనిలో పనిచేయుదురా, ఇంట పొగత్రాగువారున్నారా, వంటగదికి కిటికీ గలదా యనియు అడిగి తీరవలెను. లేనిచో ఒకరి దోషము మఱియొకరి నెత్తిపై పడును.

ఇప్పుడు 2003 నాటి పిల్లల కథకు మరలుదము. పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థవారు రోగులైన కొందఱు పిల్లలనుండి తీసిన మచ్చులలో చాందీపుర వైరస్సును కనుగొనిరి. 1965లో నాగపురము దగ్గఱి చాందీపుర గ్రామమున మొదట దొరకినందున దానికా పేరు వచ్చెను. గోడల బీటలలో పెరుగు ఇసుక యీగ దానిని మోయునని భావింపబడుచున్నది. వారు 2004లో ప్రకటించిన వ్యాసపు శీర్షికలో ఆ జాడ్యమునకు వైరస్సు "కారణ" మని వ్రాయలేదు. వైరస్సుతో "సంబంధముగల" జాడ్యమనియే వ్రాసిరి. అది మెదడువాపు గాదు, మెదడు రక్తనాళములకు వచ్చిన వ్యాధి యని వాదించిన పిల్లల వైద్యులును ఉండిరి. పండితులు ఒక్క మాట విషయమున నింత జాగ్రత్తపడినప్పుడు, ఒక తల్లిని వ్రేలు చూపుటకు మనమెంత జాగ్రత్త పడవలెను!

2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున ఐదువందలమందికి పైగా ఫిట్లు, వాంతులు, తలతిరుగుడుతో పడిపోయిరి. రోగుల రక్తపు మచ్చులు కొన్నిటిలో సీసము, నికెలు కనుపించినవని వార్త వచ్చెను. ఆ వార్త చదివినప్పుడు మన ఇల్లాలు వేయవలసిన ప్రశ్న యొక్కటే: "అదే వీథిలో జబ్బు పడని పొరుగువారి రక్తములో సీస మెంత యున్నది?" అంతయే యున్నచో సీసము చాలకాలముగా ఆ వీథిలో కాపురమున్న దుష్టుడు కావచ్చును గాని, ఆ దినపు నేరము దానిదని చెప్పుటకు చాలదు. తక్కువ యున్నచో దోషి చిక్కెనేమో! పొరుగువారి రక్తబిందువు లేక రోగి రక్తబిందువు సగము మాటయే పలుకును.

నేడు ఈ విచారణలు మన గుమ్మములకు మఱింత దగ్గఱకు వచ్చినవి. మహబూబాబాదులో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్యకళాశాలలు తెఱువబడినవి. వైద్యవిద్యార్థులు పల్లెలకు పోయి ఇంటింట ప్రశ్నించుట చదువులో భాగము. మహబూబాబాదు దిక్కున ఒక పల్లెలో మేము చూచిన సంగతి చెప్పెదము. మిర్చికల్లములో కాయలు తిరుగవేయుచున్న ఒక అవ్వ దగ్గఱకు ప్రశ్నపత్రముతో నొక పడుచు విద్యార్థిని వచ్చెను. అవ్వ తల యెత్తి, "మా ఇంట్ల ఎవ్వలకు జబ్బు లేదు బిడ్డా. నన్నెందుకు అడుగుతున్నవ్? గా జబ్బున్నోళ్ల ఇంటికి వో" అనెను. ఆ బాలిక చిన్నబోయి మరలబోవుచుండగా మేము పులిహోర, కోవాల కథ అవ్వకు వినిపించితిమి. ఆమె ముక్కున వ్రేలు వేసికొని, "అయితే నా మాట లేకపోతే గా జబ్బు మనిషి మాటకు ఇలువ లేదా?" అని, నీడకు జరిగి కూర్చుండి జవాబు చెప్ప మొదలుపెట్టెను. ఇంత పొడుగు వ్యాసములో మేము చెప్పదలచిన దానిని అవ్వ యొక్క మాటలో చెప్పినది.

కావున సోదరీమణులారా, అట్టివారు మీ గుమ్మమునకు వచ్చినప్పుడు ఎక్కడినుండి వచ్చిరో, ఎందులకు అడుగుచున్నారో, మీ పేరు గోప్యముగా నుంచుదురో లేదో ముందుగా అడుగుడు. అది మీ హక్కు. ఇష్టము లేనిచో జవాబు చెప్పకుండుటయు మీ హక్కే. చెప్పదలచితిరా, ఉన్నది ఉన్నట్లు చెప్పుడు. "గుర్తులేదు" అనుటకు సిగ్గుపడకుడు; గుర్తులేని దానిని ఊహించి చెప్పుటకంటె అది వేయిరెట్లు మేలు. మంచిమాట యనిపించుకొనుటకై, ఇంటనున్న చుట్టను లేదనకుడు.

పత్రికలలో "ఫలానిది తినువారికి ఫలాని రోగము రెండింతలు" అని చదివినప్పుడును ఉలికిపడకుడు. ఎవరితో పోల్చిరి? జవాబులు జ్ఞాపకమునుండి వచ్చినవా, కాగితమునుండియా? అగ్గిపెట్టెవంటి తోడు ఏదైన నున్నదా? ఆ రోగము అసలు ఎందఱికి వచ్చును? వేయిమందిలో నొక్కరికి వచ్చునది రెండింతలైనను ఇద్దఱికే వచ్చును. తొమ్మిదివందల తొంబది యెనమండుగురు క్షేమముగానే యుందురు. ఈ నాలుగు ప్రశ్నలు వంటింటి గోడపై వ్రాసికొనదగినవి.

జనగామ ప్రాంతపు ఆ కోడలిని మేము మఱల చూడలేదు. కాని ఆమె ప్రక్కన పొరుగింటి పడుచు బిడ్డను చంకనెత్తుకొని నిలుచుండిన తీరు మా కన్నులలో నున్నది. ఆమె సాక్ష్యము చెప్పుటకు రాలేదు, అడుగగా చెప్పినది. "ఇది నీవలననే" యని ఒక తల్లితో ననుటకు నోరు తెఱవబోవునప్పుడెల్ల ప్రక్కయింటికి పోయి, జబ్బులేని బిడ్డ తల్లిని అదే ప్రశ్న అడిగి రండు. మన యిండ్లలో పెక్కు నిందలు ఆ నాలుగడుగుల నడకలోనే రాలిపోవును.